ముందు నాది చెడనీ

బాబాయి చేతులు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి, బాగున్న కంప్యూటర్‌ని చెడగొట్టే పనిలో. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి అది. ఎవరి కంప్యూటర్ చెడినా, ముందు తనది అచ్చం అలాగే చెడాలి. అంతవరకూ మరమ్మతు మాట ఎత్తనివ్వడు.

ఆ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ అమ్మేదీ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక వేళల్లో కలిసి రాసి, అందరికీ ఊరికే ఇచ్చేది. కొత్త మార్పు వికటిస్తే ఫిర్యాదులు విని, ఎవరు ఏది సరిచేయాలో పని పంచేది బాబాయి.

పిన్ని మాత్రం తన కుట్టుమిషన్‌కి ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంచేది. "ఎవరి మిషన్‌లోనో దారం తెగిందని వింటే, నాదీ తెంపి చూస్తారు."

ఆ ఉదయం ఫోన్ చేసినామె ఇంటి నుంచి పనిచేసే టెలిఫోన్ ఆపరేటర్. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలు కంప్యూటరే చదివి వినిపించాలి. కొత్త అప్‌డేట్ వేశాక అది మూగబోయింది.

"మధ్యాహ్నం డ్యూటీ, బాబాయ్. కొత్త ఉద్యోగం. ఇవాళ పనిలోకి దిగకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. నేనే ఏదో నొక్కేశానేమో."

"ఉండు తల్లీ. ముందు నాది చెడనీ."

ఆయనది చెడలేదు. అదే అప్‌డేట్ ఎక్కించినా గలగలా వాగుతోంది. బాబాయి ముఖం వాడిపోయింది.

"కంప్యూటర్ పనిచేస్తోందని దిగులుపడేది లోకంలో మీరొక్కరే," అంది పిన్ని.

ఆ చదివే గొంతు బాగోగులు తీరిక వేళల్లో చూసే లెక్చరర్ ఒకాయన రెండో ఫోన్‌లో తొందరపెట్టాడు. "బాబాయ్ గారూ, పాత గొంతు పెట్టేస్తాను. చిటికెలో పని."

"గొంతుకేమయ్యా, నా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆగు." మొదటి ఫోన్ అందుకున్నాడు. "తల్లీ, కంప్యూటర్ ఎలా ఆన్ చేస్తావో మొదట్నుంచీ చెప్పు."

"ముందు ఇయర్‌ఫోన్ గుచ్చుతాను. పాప లేస్తుందని. తర్వాతే బటన్."

బాబాయి అలాగే చేశాడు. చప్పుడు లేదు. ఇయర్‌ఫోన్ పీకి మళ్ళీ ఆన్ చేశాడు. అయినా మూగే.

"చెడిపోయింది," అన్నాడు, పెళ్ళి కుదిరినవాడిలా. "తల్లీ, నాదీ పోయింది. తప్పు మాది, నీది కాదు."

అవతల ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

జబ్బు గొంతులో లేదు, ఇయర్‌ఫోన్‌ని గుర్తుపట్టే చోట ఉంది. తెలిశాక లెక్చరర్ కాసేపట్లో దాన్ని సరిచేసి పంపాడు. అప్పుడు బాబాయి తెర ఆర్పేశాడు.

"అదెందుకు, అదీ చెడగొట్టాలా?" అంది పిన్ని.

ఆయన కళ్ళు మూసుకుని, ఆ సవరణ ఎక్కించడానికి మీటలు తడుముకుంటూ, తప్పుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, తన చెవిలో మాట వినబడేదాకా కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"నేను చెప్పినట్టే నొక్కు తల్లీ. కింది బాణం. ఎంటర్. ఇప్పుడు కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. కంగారుపడకు, నాకూ అలాగే అయింది."

గుడ్డ కత్తిరిస్తున్న పిన్ని చేయి ఆగింది. ఆ చివరి మాట ఆయన ఫోన్‌లో అందరితోనూ అనడం ఇన్నాళ్ళూ వింటూనే ఉంది. అది నిజం కావడానికే ఆయన తనది చెడగొట్టుకుంటాడని ఇప్పుడు తట్టింది.

"బాబాయ్," అని ఫోన్‌లో గుసగుస. పాప ఇంకా లేవలేదు కాబోలు. "చెవిలో వాగుతోంది."

"వాగనీ. నువ్వు డ్యూటీ ఎక్కు."

ఆ సవరణను అందరికీ విడుదల చేసి, బాబాయి తెర వెలిగించాడు.

"ఏమండీ," అంది పిన్ని, కుట్టుమిషన్ మీది దుప్పటి తీస్తూ. "పక్కింటావిడ మిషన్ దారం తెంపుతోందట. కావాలంటే నాది తీసుకోండి."