మేడమీది వాటా

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో మా ఆయనకు విశాఖ బదిలీ అయింది. విజయవాడలో ఇల్లడిగితే ముందు కులం అడిగేవారు. హైదరాబాదులో మాంసం వండుతారా అనేవారు. విశాఖలో అడిగేదాకా వస్తేగా, అసలు ఇళ్ళే ఖాళీ లేవు. లాడ్జిలో ఉంటూ వెతగ్గా వెతగ్గా గాజువాకలో ఒక మేడమీది వాటా దొరికింది.

"మా ఇంట్లో పురుళ్ళు కుదరవమ్మా," అంది ఇంటావిడ. అప్పటికే నాకు నెల తప్పింది. మా ఆయన నా వంక చూడకుండా తలూపారు.

పురిటికి వెళ్దామంటే నాకు అమ్మ లేదు. కొంగు నిండుగా కప్పుకుని, ఆవిడ లోపలుండగా నూతి దగ్గరికి వెళ్ళొచ్చేదాన్ని. ఈ ఇల్లూ పోతే ఎలాగన్న దిగులుతో అన్నం సయించేది కాదు.

ఒకనాడు నీళ్ళు తోడుతూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఆవిడ వచ్చి నా చేతిలో చేద తీసుకుంది.

"ఎన్నో నెల?"

"ఆరు," అన్నాను.

"కడుపు దాస్తే దాగుతాదేటి? నాకెప్పుడో తెల్సు. బరువులెత్తకు."

"మరి ఇల్లు?"

"ఇప్పుడెక్కడికెల్తావు, ఉండు. పురుడు మాత్రం ఆస్పత్రిలోనే."

పాప ఆస్పత్రిలోనే పుట్టింది. అయినా ఆ వాటాలో ఉన్నన్నాళ్ళూ, పాప ఏడుపందుకుంటే చాలు, గబగబా తలుపులు మూసేదాన్ని.