లాభం, రెండు, మూడు

ఆ ఫారం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

రోలుగుంట దగ్గర కొండ మీంచి వచ్చే గెడ్డకి అడ్డంగా చెక్‌డ్యామ్ కట్టారు. దానివల్ల రైతులకి ఒరిగిందెంత, పోయిందెంత అని తేల్చే సర్వేలో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. డ్యామ్‌కి ఎగువన చెరకు రైతుల బావుల్లో నీళ్లు పెరిగాయి. వాళ్లు మాకు కుర్చీలేసి, వేడి బెల్లం పాకం పెట్టి మరీ లాభాలు రాయించారు. మా సారు వేళ్లు నాకుతూనే టిక్కులు పెట్టమన్నాడు. నేనూ నాకాను, అబద్ధమెందుకు.

దిగువన ఒక ముసలాయన వరి మడి ఉంది. నీళ్లన్నీ పైనే ఆగిపోయి, ఆయన చేను పొట్ట మీద ఉండగా ఎండిపోయింది. ఆ నష్టం ఫారంలోకి ఎక్కితే డ్యామ్‌కి తూము పెట్టి కిందికి నీళ్లు వదులుతారు. ఎక్కకపోతే అంతే సంగతులు. ఆ మాట ఆయనకి చెప్పింది నేనే.

మేం వెళ్లేసరికి చేతికొచ్చిన కాస్త ధాన్యం పోగు దగ్గర కుంచంతో సిద్ధంగా ఉన్నాడు.

"సూడండి బాబూ, మీ ఎదరే కొలుత్తాను. ఉత్తినే సెబితే నమ్మరు."

మొదటి కుంచం నింపి పోస్తూ, "లాభం," అన్నాడు.

మా వైపు గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. మా అమ్మా అలాగే కొలిచేది. సారు మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండా, "లాభమే అంటున్నాడుగా, రాసెయ్," అన్నాడు.

పట్నం మనిషి, తెలియక అన్నాడనుకున్నాను. "సార్, అది లెక్క మొదలుపెట్టే మాట," అన్నాను.

నన్ను పక్కకి లాగాడు. "నాకు తెలీదా? దిగువన నష్టం రాస్తే రిపోర్టంతా మళ్లీ రాయాలి. నీ కాంట్రాక్టు రెన్యువల్ ఎప్పుడు?" అని పళ్లికిలించాడు. ఆ పళ్ల మధ్య ఇంకా బెల్లం కనిపిస్తోంది. అతను చెప్పినట్టే రాశాను.

ముసలాయన రెండు అన్నాడు, మూడు అన్నాడు. నాలుగో కుంచం సగం కూడా నిండలేదు. చీపురుతో నేలంతా ఊడ్చి చూశాడు.

"రాసేరా బాబూ?"

"రాసేను మామా."

"తూము ఎడతారు కదా?"

తలూపాను. ఊరికే పంపకూడదని, ఆ నాలుగో కుంచంలోని గింజలు నా సంచిలో పోశాడు. వద్దన్నా వినలేదు. ఆయన పేరు ఎదురుగా లాభం అని రాసిన ఫారం కూడా ఆ సంచిలోనే ఉంది.