గడపబ్బాయికి దిష్టి

మా అమ్మ గుప్పెడు ఉప్పుతో ఐస్ హాకీ జట్టును గెలిపించిందన్నది పచ్చి అబద్ధం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరింట్లో భోజనాలున్నా వ్యాగన్ అంకుల్ (అప్పట్లో మా రెండు కుటుంబాలనీ తన స్టేషన్ వ్యాగన్‌లో కుక్కి తిప్పేవారు) ఈ కథ ఎత్తుకుంటారు. నేనూ అక్కడే ఉన్నాను. పదిహేనేళ్ళదాన్ని, కళ్ళు బాగానే కనిపించేవి.

ఎనభైల మొదట్లో ఈ పరాయి దేశంలో మాకు శనివారం గడవడమే పెద్ద సమస్య. తెలుగు సినిమా క్యాసెట్టు దొరికితే పండగ, లేదంటే నాన్న ఫ్యాక్టరీలో ఊరికే పంచే హాకీ టికెట్లే గతి. పెద్ద లీగు కాదు. ఆటగాళ్ళు పగలంతా టైర్లు మార్చి సాయంత్రం స్కేట్లు కట్టుకునేవారు. పళ్ళూడినా ఆగరు, వరసగా ఓడినా ఆగరు. అంత మొండివాళ్ళను నేను మళ్ళీ చూడలేదు (మా ఇంట్లో తప్ప). వాళ్ళ గోల్ కీపరంటే అమ్మకు ప్రాణం. గుమ్మంలో నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వడని ‘గడపబ్బాయి’ అని పేరు పెట్టింది.

ఆ శనివారం ఓడితే జట్టును మూసేస్తానని ఓనరు ప్రకటించేశాడు. విరామం అయ్యాక ఆటగాళ్ళు మా సీట్ల పక్కనుంచి ఐసు పరిచిన రింకులోకి వెళుతుంటే, అమ్మ లేచి గుప్పిటతో గడపబ్బాయి హెల్మెట్ చుట్టూ దిష్టి తీసేసింది. పాపం, ఏదో ఆశీర్వాదమనుకుని ఆగాడు. గుప్పిట్లో ఉన్నది అంకుల్ కారులోంచి తెచ్చిన ఉప్పు.

“అమ్మా! అది డ్రైవ్‌వే మీద ఐస్ మెల్ట్ చెయ్యడానికి వేసే సాల్ట్!”

“ఉప్పు ఉప్పేనే. దిష్టి తీసింది నీళ్ళలో పడెయ్యాలి. ఇక్కడ నీళ్ళేవీ?” చుట్టూ చూసింది. “ఇంత ఐసుందిగా, ఇదీ నీళ్ళేగా!” అంటూ ఇంకా తెరిచి ఉన్న గేటులోంచి గోల్ ముందుకు విసిరేసింది.

“అది మన గోల్! మనవాడే జారి పడతాడు!”

“దిష్టి పోయాక ఎందుకు పడతాడే, పిచ్చిమొహమా?”

గడపబ్బాయి గోల్ దగ్గర వంగి, గ్లవ్ తీసి, ఒక ఉప్పురాయి పట్టుకుని చూశాడు. తర్వాత మావైపు చూశాడు. రిఫరీకి చెబితే మమ్మల్ని బయటికి గెంటేవారు. అమ్మేమో నవ్వుతూ నమస్కారం పెట్టింది! అతను మాత్రం ఉప్పంతా కర్రతో గోల్ వెనక్కి నెట్టేసి, అలవాటుగా గోల్ కమ్ములు రెండింటినీ తట్టి (వాళ్ళ నమ్మకాలు వాళ్ళవి) నిలబడ్డాడు. ఆపైన ఒక్క గోల్ పడనివ్వలేదు. చివర్లో అవతలివాడొకడు ఒంటరిగా దూసుకొచ్చి రబ్బరు బిళ్ళను (ఆ ఆటలో బంతి అదే) గాల్లోకి లేపి కొడితే మొహం అడ్డం పెట్టి ఆపాడు. ఉప్పుకు కరిగిన గుంటలో బిళ్ళ ఇరుక్కుందంటారు అంకుల్. గాల్లో వచ్చిన బిళ్ళ గుంటలో ఎలా ఇరుక్కుంటుంది అంకుల్? గెలిపించింది గడపబ్బాయే.

జట్టు ఇంకో రెండేళ్ళు బతికి, మూతబడింది. ఆ రెండేళ్ళూ ప్రతి ఆటకీ అతను మా సీట్ల దగ్గర ఆగి, అమ్మ ముందు తల వంచేవాడు. ఉప్పు తేనని నేను ఒట్టేయించుకున్నాను కాబట్టి అమ్మ ఉత్త గుప్పిటే తిప్పేది. అందరితో వాదనకు దిగే నేను, రెండడుగుల దూరంలో ఉన్న అతన్ని మాత్రం సిగ్గుపడి ఒక్క మాట అడగలేకపోయాను. ఇప్పుడైతే చెయ్యి పట్టుకుని ఆపి మరీ అడిగేదాన్ని: ఆ గుప్పిట తనను కింద పడేసి ఉండేదని తెలిసి కూడా, బాబూ, దాని ముందు ఎందుకు తల వంచావు?