పర్వడ్తలే

మా మేనమామ కనకరాజుకు ఏ సంగతి ఏ సంవత్సరం జరిగిందో గుర్తుండదు. ఏ ధరలో జరిగిందో గుర్తుంటుంది. "నా పెండ్లి ఇరవై మూడుల అయింది" అంటాడు. తెలియనివాళ్ళు అది ఆయన వయసు అనుకుంటారు. పెట్రోలు లీటరు ఇరవై మూడు రూపాయలున్నప్పుడు అని దాని అర్థం. మా తాత పోయింది యాభైలో. మామ కూతురు అక్షిత పుట్టింది డెబ్బై ఐదులో. వంద దాటిన ఏడాది గురించి మాత్రం ఆయన నోరు విప్పడు. ఆ ఏడు కరోనాకు బడులు మూతబడి, ఆటో ఇంటి ముందు టార్పాలిన్ కింద నిలబడి తుప్పు పట్టింది.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్‌ను ఆనుకుని ఉన్న దుర్గాపూర్. తాత పెద్దపల్లి వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన ఉద్యోగం పెద్ద కొడుకుకు వచ్చింది. చిన్నవాడైన మామ, లీటరు పద్దెనిమిది ఉన్న రోజుల్లో, ఆటో పట్టాడు. ఇప్పటికి ముప్పై ఏళ్ళు. ముంబైలో దీపాలు వెలగడానికి మా ఊరి బొగ్గు కాలుతుంది, ఆ బూడిద మా దండెం మీది బట్టల మీద పడుతుంది. ఆ బూడిదలోనే మామ రోజుకు నాలుగు సార్లు సిటీకి పోయి వస్తాడు.

పంపు దగ్గర ఇప్పుడు అందరూ "వంద కొట్టు", "రెండు వందలు కొట్టు" అంటారు. మామ ఇప్పటికీ లీటర్లలోనే అడుగుతాడు. పైపు పట్టుకున్నవాడు రూపాయల్లో చెప్పమని విసుక్కుంటాడు.

"కాకా, రుపయాత్ సాంగ్ నా!"

"రూపాయి రోజుకింత సన్నగైతది బిడ్డా. లీటరు ఎప్పుడన్న సన్నగైందా? రెండు లీటర్లు పొయ్యి."

రైల్వే బ్రిడ్జి ఎక్కాక, దిగేటప్పుడు ఇంజను ఆపేస్తాడు. ఆటో చప్పుడు లేకుండా వాలు మీద జారిపోతుంది. వెనకాల పదకొండు మంది బడి పిల్లలు "విమానం, విమానం" అని అరుస్తారు. వాళ్ళకు అది ఆట. మామకు అది నాలుగు చుక్కల పెట్రోలు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, బ్రేకు సరిగా పట్టని పాత బండిని వాలు మీద వదిలిపెట్టి పెట్రోలు మిగుల్చుకోవాలా?

ఇంకా మండేది చౌరస్తాలోని పాన్ ఠేలా దగ్గర. రోజూ సాయంత్రం అక్కడ ఒక సభ జరుగుతుంది. ఎవడి ఫోన్‌లోకో పాత పెట్రోలు బిల్లు ఫొటో వస్తుంది. అది చేతులు మారుతుంది. అందరూ నిట్టూరుస్తారు. ఆ సభకు పెద్ద సదానందం పెద్దబాపు. బొగ్గుబావిలో ఫిట్టరు చేసి రిటైరయ్యాడు. మామ ఆటోలో బడికి పోయే పిల్లల్లో ఆయన మనవరాలు గిరిజ కూడా ఉంది.

"ఏడు రూపాలకు లీటరురా! లూనా మీద బల్లార్షా పోయి సినిమా జూసి వచ్చినా ఇంక టాంకిల సప్పుడయ్యేది. గిప్పుడు మోటర్ సైకిల్ మీద కూసుంటేనే మీటరు తిరుగుతున్నట్టుంటది. దోపిడీ గాదా ఇది?"

దోపిడీయే. కాదని నేననను. కానీ ధర ఎంతైనా ఈయనకు నెలనెలా పింఛను వస్తుంది. ఫోన్ మూసి ఇంటికి పోతే ఆయన దుఃఖం అక్కడితో అయిపోతుంది. పెరిగిన ధర నిజంగా ఎవరి ఒంట్లోంచి పోతోందో, ఆ మనిషి అదే ఠేలా దగ్గర వక్క, పొగాకు కలిపిన పది రూపాయల ఖర్రా పొట్లం కొనుక్కుని, మాట్లాడకుండా బుగ్గన పెట్టుకుని వెళ్ళిపోతాడు.

బడి పిల్లల లైను మామ తొమ్మిదేళ్ళ క్రితం పట్టాడు. దుర్గాపూర్ రోడ్డు మీది కాలనీ నుంచి సిటీలోని బడికి. అప్పుడు లీటరు అరవై ఏడు, పిల్లకు నెలకు ఏడు వందలు. ఇప్పుడు లీటరు నూట నాలుగు దాటింది, పిల్లకు తొమ్మిది వందలు. ఈ జూన్‌లో పదకొండు వందలు చేయకపోతే లైను వదిలేయాల్సిందేనని మామ నిశ్చయించుకున్నాడు. వదిలేస్తే తర్వాత ఏమిటో కూడా మా ఇంట్లో అందరికీ తెలుసు. ఓపెన్‌కాస్టు గని దగ్గర కాంట్రాక్టరు కింద, ఎండలో, టిప్పర్లకు దారి చూపిస్తూ జెండా ఊపే పని. మామకు అప్పటికే ఒక కన్ను మసక.

ఏటా జూన్‌లో లైను రేటు మాట్లాడేది కాలనీ ఆడవాళ్ళే. ఈసారి ఆ పని సౌజన్య గారి మీద పడింది. పోయినేడే హైదరాబాదు నుంచి వచ్చారు, భర్తది సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. బడి తెరవడానికి పది రోజుల ముందు ఆమె మామకు ఫోన్ చేసింది. మామ అప్పుడు బ్రిడ్జి దగ్గర ఉన్నాడు. నోట్లో ఖర్రా, పక్కన బొగ్గు టిప్పర్ల రొద.

"అంకుల్, ఈ సంవత్సరం కూడా తొమ్మిది వందలే కదా?"

మామ ఉన్నమాటే చెప్పాడు. "పర్వడ్తలేదమ్మా" అన్నాడు.

మా ఇళ్ళల్లో ఈ మాట పుట్టినప్పటి నుంచి వింటాం. మరాఠీ వాళ్ళ దగ్గర తీసుకుని మా తెలుగులో కలిపేసుకున్న మాట. గిట్టుబాటు కావడం లేదు, ఈ ధరకు నావల్ల కాదు అని. ఆదిలాబాద్ దాటి దిగువకు పోతే ఎవరికీ తెలియదు. సౌజన్య గారికి, ఆ ఖర్రా నోటిలోంచి, ఆ టిప్పర్ల మధ్యలోంచి వినబడింది "పర్వాలేదమ్మా" అని. "థాంక్యూ అంకుల్" అని పెట్టేసింది. ఆమె ఆలోచించుకుని మళ్ళీ ఫోన్ చేస్తుందని మామ అనుకున్నాడు. ఆమె పని అయిపోయిందనుకుంది.

సాయంత్రానికి ఆటో పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో ఆమె ఇంగ్లీషులో ఏదో రాసింది. దాని కింద పది బొటనవేళ్ళు లేచాయి. మామకు ఇంగ్లీషు రాదు, తెలుగు అక్షరాలూ సరిగా రావు, మరాఠీ బడిలో ఐదు దాకా చదివాడు. ఆ బొటనవేళ్ళు చూసి ఆయన ముఖం విచ్చుకుంది. బజారుకు పోయి అరకిలో బూందీ పట్టుకొచ్చాడు.

"చూసినవా సుమన్? ఒక్క మాట అన్న. అందరు ఒప్పుకున్నరు. నువ్వేమో మనుషులు మంచోళ్ళు గాదు, మంచోళ్ళు గాదు అంటవు."

బూందీ తింటూ అక్షిత ఆ ఫోన్ తీసుకుని చదివింది. చదివి నా వైపు చూసింది.

"బాపూ, తొమ్మిది వందలకే నువ్వు ఒప్పుకున్నవని రాసింది. రేటు మారలేదట."

మామ చేతిలో బూందీ అలాగే ఉంది. "నేనెప్పుడు ఒప్పుకున్న?" అన్నాడు.

ఆదివారం పొద్దున మామతో పాటు నేనూ పోయాను. రావద్దన్నాడు. అయినా పోయాను. సౌజన్య గారి వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. కాలనీలో పాతకాపు అయిన జయక్క ఉంది. సదానందం పెద్దబాపు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. మామ చెప్పులు మెట్ల కిందే విడిచి, నోట్లో ఏమీ లేకుండా, చేతులు కట్టుకుని నిలబడి, తానన్న మాట మళ్ళీ అన్నాడు.

జయక్క గట్టిగా నవ్వేసింది. "అయ్యో సౌజన్యా! పర్వడ్తలే అంటే పర్వాలే గాదమ్మా. గిట్టుబాటు అయితలేదని! నువ్వు ఉల్టా అర్థం జేసినవ్."

సౌజన్య గారి ముఖం ఎర్రబడింది. "నాకేం తెలుసు ఆంటీ, మా దగ్గర ఆ మాటే లేదు. సారీ అంకుల్. నిజంగా నాకు అలాగే వినిపించింది."

అంతటితో సరిపోవాల్సింది. తప్పు ఎవరిదీ కాదు, ఒక మాటది. కానీ పెద్దబాపు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎట్ల వినిపిస్తేంది? గ్రూప్ల వడ్డది, అందరు అవునన్నరు. ఐపోయింది. ఇంకో యాభై ఎయ్యిండ్రి. తొమ్మిది వందల యాభై. ఏమంటవు కనకరాజూ?"

మామ తల వంచుకున్నాడు. నాకు తెలుసు, ఆ తల ఇంకొంచెం వంగితే అది ఒప్పుకోవడమే అవుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ తల అలాగే వంగుతోంది. అందుకే నాకు ఆగలేదు.

"పెద్దబాపూ, రోజూ పాన్ ఠేలా కాడ నువ్వు ఏడ్సేది దేనికి? పెట్రోలు ధరకే గదా?"

"అవురా, ఏడుస్త. నీకేమయింది?"

"మరి గా పెట్రోలు మా మామ ఆటోల ఉత్తగ వస్తదా? నీ లూనాకు ధర పెరుగుతే దోపిడీ. మా మామకు పెరుగుతే యాభై రూపాలా?"

"ఎవనితోని మాట్లాడుతున్నవ్‌రా నువ్వు? నాలుగు పుస్తకాలు సదివి పెద్దమనిషివైనవా? పని లేదు, పాట లేదు, నన్ను నిలదీస్తడట!"

"పని లేదు గనుకనే లెక్క తెలుస్తది. పింఛను ఉన్నోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"సుమన్, నోరు ముయ్యి" అన్నాడు మామ. అరవలేదు. కానీ నేను మూశాను.

అప్పుడు ఆయన తల ఎత్తాడు. ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, పంపు దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అన్నా, రూపాలు ఇడిసిపెట్టుండ్రి. నేను రూపాలల్ల చెప్పలేను, మీకు ఎక్కువ అడిగినట్టు అయితది. లైను మొదలువెట్టినప్పుడు ఒక్క పిల్లకు నెలకు పదిన్నర లీటర్ల పెట్రోలు వచ్చేది నాకు. ఇప్పుడు మీరిచ్చేదానికి ఎనిమిదిన్నర వస్తది. రెండు లీటర్లు ఎటు పొయినయో నాకు తెల్వది. మీకు తెలుస్తే చెప్పుండ్రి. నాకు మల్ల గా పదిన్నర ఇయ్యిండ్రి. టైరు, పాసింగు, ఇన్సూరెన్సు నేను అడుగుతలేను. రేపు పెట్రోలు యాభైకి దిగితే మీరు గా లెక్కనే కట్టుండ్రి. నేను గొణగ."

ఒకామె ఫోన్‌లో గుణించి చూసింది. "దగ్గరదగ్గర పదకొండు వందలు" అంది. అదేదో పెద్ద మోసం బయటపడినట్టు పెద్దబాపు చేతులు ఎత్తాడు.

"గదేంది! మల్ల గక్కడికే వచ్చినవ్ గదా. దత్తు ఎనిమిదొందల యాభైకే వస్తనన్నడు. ఎవలకు ఇష్టమైతే వాళ్ళు ఆలోచించుకోండ్రి."

దత్తు ఒక ఆటోలో పదిహేను మందిని కూర్చోబెడతాడు, ఇద్దరిని తన పక్కన. అది కాలనీలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు.

ఇంటి ముందు ఆటో ఆపి మామ అన్నాడు: "నువ్వు ఒర్రకుంటే వెయ్యికైన ఒప్పుకుందురు."

ఆయన అన్నది నిజం కావచ్చు. వెయ్యికి ఒప్పుకుని, ఇంకో ఏడాది వాలు మీద ఇంజను ఆపుకుంటూ, ఇంకో కన్ను కూడా మసకబారేదాకా నడిపేవాడు కావచ్చు. అది మంచిదా అని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న ఆయనది, నాది కాదు.

రెండు రోజులకు గ్రూప్‌లో సౌజన్య గారు మళ్ళీ రాశారు. ఈసారి తెలుగులో. తాము నెలకు పదిన్నర లీటర్లు ఇస్తామని, ఒకటో తారీఖున పంపు మీద ఉన్న ధర ప్రకారం లెక్క కడతామని. అక్షిత రెండు సార్లు పైకి చదివింది. జయక్క ఒప్పుకుంది. ఇంకో ముగ్గురు ఒప్పుకున్నారు. మొత్తం ఐదుగురు పిల్లలు. మిగతా ఆరుగురి నుంచి బొటనవేలు కూడా రాలేదు.

ఐదుగురితో లైను నడవదు. ఇంటికీ బడికీ మధ్య ఆటో ఖాళీగా మోసుకుపోయే చోటుకు కూడా పెట్రోలు కాలుతుంది. మామ వేళ్ళ మీద లీటర్లు లెక్కపెట్టుకుని, "దీపావళి దాక చూద్దాం, గప్పటికి గాకుంటే జెండా వట్టుకుంట" అన్నాడు.

జూన్ చివర బడి తెరిచిన రోజు, వాన సన్నగా పడుతుంటే, ఆటో పక్క పరదాలు కట్టడానికి నేను వెంట వెళ్ళాను. మామ సౌజన్య గారి పాపను, జయక్క మనవడిని, మిగతా ముగ్గురిని ఎక్కించుకున్నాడు. తర్వాత తిన్నగా రోడ్డెక్కాల్సిన వాడు, తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ, రెండో గల్లీలోకి తిప్పి సదానందం పెద్దబాపు గేటు ముందు హారన్ కొట్టాడు.

కొట్టాక గుర్తొచ్చింది. అప్పటికే గిరిజ సంచి, గొడుగు పట్టుకుని ఉరికొచ్చి ఒక కాలు లోపల పెట్టేసింది. వెనకనే పెద్దబాపు వచ్చి పిల్ల సంచి పట్టి వెనక్కి లాగాడు.

"ఇది గాదే. దత్తు వస్తడు."

"కాకా ఆటో ఇదే గదా తాతా?"

పెద్దబాపు మామ వైపు చూడలేదు. నా వైపు అసలే చూడలేదు. గోడ మీద తడుస్తున్న పేపరు చూశాడు.

"ఎరుకే అన్నా" అన్నాడు మామ. "మర్సిపోయిన."

పిల్ల కాలు కిందికి దించేదాకా ఆగాడు. గేరు వేశాడు. ఆరు ఖాళీలున్న ఆటో గల్లీలో వెనక్కి తిరగడానికి చోటు చాలక, ముందుకూ వెనక్కూ రెండు సార్లు ఊగింది. అంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంది.