ఎండిన కృష్ణలో పిట్టకు పెట్టిన రొట్టె

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పాత జీపు కొని చూడమని ఎందుకు అనలేదో నాకు తెలియదు. మా ఆయన కొన్నాడు. అచ్చంపేటలో మా వాడకట్టులో దాన్ని నెట్టని మనిషి లేడు.

ఎండాకాలంలో డ్యాం వెనక కృష్ణ నీళ్లు తగ్గితే మైళ్లకొద్దీ నేల బయటపడుతుంది. చెట్టు లేదు, నీడ లేదు, ఎటు చూసినా నెర్రెలు బారిన ఒండ్రు. లోకమంతా ఊటీ పోతే మేం ఏటా అక్కడికి పోయేవాళ్లం. జీపుకు పరదా కట్టి రాత్రికి దాని కిందే పడుకునేవాళ్లం. పైకి ఎండినట్టు కనిపించే ఆ నేల కింద కొన్నిచోట్ల బురద ఉంటుంది. అందుకని చెప్పులు విడిచి ముందు నేను నడవాలి, నా అడుగుల వెంట ఆయన బండి తేవాలి.

"నేనేమన్న ఎద్దునా?" అని తిట్టేదాన్ని.

"నీ కాలుకు తెలిసినంత నా బండికి తెల్వది" అనేవాడు. నవ్వొచ్చేది, అయినా తిట్టడం ఆపేదాన్ని కాదు.

పోయిన చలికాలం ఆయన గుండె ఆగి పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే మనిషికి ఏదో కోరిక మిగిలినట్టు. మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, ఏమీ తోచక బీడీ కూడా వెలిగించి పెట్టారు. ఆయన జన్మలో బీడీ తాగలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చినా ఒక్క కాకి గోడ దిగలేదు.

ఎండలు ముదిరాక మా మరిది వచ్చాడు. "వదినా, అన్న పానమంత గా ఏట్లనే ఉండె. ఆడ పెడదాం" అన్నాడు.

జీపు తీశాం. ఒండ్రులో దిగీ దిగగానే మరిది జోరుగా తోలాడు, ముందు చక్రాలు దిగబడ్డాయి. చేపలు పట్టేవాళ్లు వచ్చి నెట్టారు. నేను చెప్పులు విడిచి ముందు నడిచాను. వెనక అదే ఇంజన్ చప్పుడు. తిరిగి చూస్తే ఆయన ఉండడు కదా అని ఎక్కడా తిరగలేదు.

తెల్లారి మూడు రాళ్ల మీద జొన్నరొట్టె చేశాను. గాలికి మంట నిలవక, అక్కడ ఎప్పుడూ మాడినట్టే, ఒక పక్క మాడింది. "మాడింది నాకెయ్యి" అనేవాడు ఆయన. ఆ ముక్కే, ఇంత ఎల్లిగడ్డ కారంతో ఆకులో పెట్టి దూరం జరిగాం.

చేపలవాళ్ల గుడిసెల దిక్కు నుంచి కాకి వచ్చింది. నేనింకా చెయ్యి కడుక్కోలేదు, రొట్టె ముక్క ముక్కున కరిచింది.

"ముట్టింది వదినా! అన్న నిమ్మలంగ పోయిండు ఇగ" అని మరిది ఏడుస్తూ దండం పెట్టాడు.

పోయిండు అనే మాట అప్పుడు తగిలింది నాకు. పిట్ట ముట్టలేదని ఇన్ని నెలలు ఇంటిల్లిపాదీ కుమిలిపోతుంటే నాకు మాత్రం లోపల ధైర్యంగా ఉండేది. ముట్టలేదంటే ఇంకా పోలేదు, ఇక్కడే ఉన్నాడు. ఆ ధైర్యంతోనే పొయ్యి దగ్గర రోజూ ఆయనతో కొట్లాడుతూ వచ్చాను.

మట్టిపెడ్డ తీసి కాకి మీదికి విసిరాను. రొట్టెతోనే లేచిపోయింది. "ఇయ్యి, నా రొట్టె నాకియ్యి" అని అరుస్తూ దాని వెనక ఉరికాను. ముందు ఉన్నది నేలో బురదో చూసుకోలేదు. మోకాళ్ల దాకా దిగబడ్డాక గానీ ఆగలేదు.