ముల్లు ఎత్తేదాకా

మా ఆయన డెస్ హోల్‌రాయిడ్ ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో లారీ బ్రేకులు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒంటి నిండా తెల్లటి ఆస్బెస్టాస్ పొడితో ఇంటికొచ్చేవాడు. చొక్కా గుమ్మం బయటే దులిపేదాన్ని.

పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో పక్క మిషను మీది స్టాన్ ఆ పొడి పీల్చీ పీల్చీ ఊపిరాడక పోయాడు. డెస్, ఇంకో ముగ్గురూ కలిసి ఆ పొడి మీద పాట కట్టి గ్రామఫోను రికార్డు వేశారు. గిటారు గీకుడు, పైన అరుపు. చివర్లో డెస్ అచ్చం స్టాన్ పీల్చినట్టే ఊపిరి పీల్చాడు. ఆ ముక్క రికార్డు చివరి గాడిలో పడేలా, గాడి తనలోనే తిరిగి కలిసేలా చెక్కించాడు. ఎవరో ఒకరు ముల్లు ఎత్తేదాకా ఆ ఊపిరి ఆగదు.

"ఇదేం పాటయ్యా, భయమేస్తోంది" అన్నాను.

"కూర్చుని వినేసి ఊరుకుంటారే జనం. లేవాలి."

అప్పుడెవరూ కొనలేదు. "మీ ఆయన గొట్టంలో ఇరుక్కున్న పిల్లిలా పాడతాడే మోరీన్" అనేది పక్కింటి డోరీన్. ఏళ్ళు గడిచాక పత్రికల వాళ్ళు ఆ పాటని పట్టుకున్నారు. చచ్చిపోతున్న ఊరి ఊపిరి అని రాశారు. గొప్ప నటన అన్నాడొకాయన. డెస్ చదివి నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది.

ఆస్పత్రిలో ఆఖరి వారం మా ఆయన పీల్చింది ఆ ఊపిరే. అదే ఈల, మధ్యలో అదే తెగడం. ఎప్పుడో తీసి దాచుకున్నట్టు. తర్వాత ఆ రికార్డు నేను వేయలేదు. వేస్తే ముల్లు ఎత్తాల్సింది నేనేగా.

మొన్న మధ్యాహ్నం ఫియోనా అనే అమ్మాయి వచ్చింది. పాటల మీద రాస్తుందట, ఓ రికార్డు కంపెనీ కోసం. కంపెనీ వాళ్ళు ఈ పాటని ఫోన్లలోకి తెస్తారట.

"అందులో గాడి ఉండదు కదండీ. ఊపిరిని మెల్లగా తగ్గించేస్తాం. మీరు సరేనంటే."

"దానంతటదే ఆగిపోతుందా?"

"అవునండీ."

"ముందు ఇక్కడ విను."

తనే రికార్డు పెట్టింది. పాట అయిపోయింది. ఊపిరి మొదలైంది. తిరిగింది, మళ్ళీ తిరిగింది. టీ చల్లారింది. పిల్ల మొహంలో నవ్వు పోయింది.

"ఆపమంటారా?"

"నావల్ల కాదమ్మాయ్. నువ్వే లే."

లేచింది. ముల్లు ఎత్తింది.

ఊపిరి ఆగలేదు.

ఆ పిల్ల తన చేతికేసి చూసుకుంది, తర్వాత నాకేసి చూసింది. చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది.

"ఆల్ఫ్" అన్నాను. "డోరీన్ వాళ్ళాయన. అదే ఫ్యాక్టరీ."

ఆమె గోడ వైపే చూస్తూ నిలబడింది.

"తగ్గించొద్దని చెప్పు మీ వాళ్ళకి" అన్నాను.