వెనక్కి పంపిన సత్ప్రసాదం

మా చర్చి విచారణ కింద నాలుగు ఊళ్లు, అన్నిటికీ ఒక్క ఫాదర్ గారు. ఆదివారం ఆయన బండి ఎటు తిరిగితే అటు పూజ. మా ఊరి వంతు నెలకొకసారి. అందుకు ఆయన్ని ఎవరూ తిట్టరు, ఒక్క మనిషి ఎన్ని ముక్కలవుతాడు? నా కోపం మా ఊరి పెద్దల మీద. అది ఇప్పటికీ ఆరలేదు, ఆరాలని కూడా నాకు లేదు.

నడుం విరిగి మంచాన పడ్డాక అమ్మకు మందుల కన్నా సత్ప్రసాదం మీదే, పూజలో క్రీస్తు శరీరమని ఇచ్చే ఆ అప్పం మీదే బెంగ. అలాంటివాళ్లకు ఇంటికి తెచ్చి ఇవ్వడానికి ఫాదర్ గారు బిషప్పు మేత్రాణుల అనుమతితో, గుళ్లో జపాలు నేర్పే పక్కూరి ఉపదేశిని నియమించారు. పూజలో అందరి ముందూ చెప్పారు. పెద్దలు తలలూపారు. వాళ్లు తలూపితే ఒప్పుకున్నట్టు కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు.

ఉపదేశి వస్తానన్న శుక్రవారం అమ్మ పొద్దున్నుంచి కాఫీ ముట్టలేదు. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం చాలని చెప్పినా వినలేదు, పాతకాలం మనిషి. ఉతికిన చీర కట్టించుకుంది. మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిపించి కొవ్వొత్తి పెట్టించింది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు దగ్గొస్తున్నా మంచినీళ్లు కూడా వద్దంది. మధ్యాహ్నం దాటాక ఆ కొవ్వొత్తి నేనే ఆర్పేశాను.

సాయంత్రం సంగతి తెలిసింది. కారంపూడి రోడ్డు మీద టీ బంకు దగ్గర మా పెద్దలు ఉపదేశి బండి ఆపారట. ఆయన మెడలో వేలాడుతున్న సత్ప్రసాదం సంచికి దండం పెట్టుకున్నారట. పెట్టుకుని వెనక్కి పంపారట. ఎంత భక్తి!

నేను తిన్నగా పెద్దాయన ఇంటికి పోయాను. వరసకు బాబాయి.

"ఫాదర్ గారి చేత్తో అయితే సరే. వాడెవడు మన ఇళ్లల్లోకి రావటానికి?" అన్నాడు.

"రమ్మన్నది మా అమ్మ బాబాయ్, మా ఇంటికి."

"నీకు తెలవదులేమ్మా. ఇయ్యాల మంచం కాడికొస్తాడు, రేపు గుళ్లో పీఠం కాడికొస్తాడు."

ఉపదేశిది పక్కూరి దళితవాడ. కులం అన్న మాట మాత్రం బాబాయి నోట రాలేదు. రాదు కూడా. క్రైస్తవులం కదా!

ఆదివారం రాకముందే అమ్మ పోయింది. ఫాదర్ గారు గుంటూరులో గురువుల సమావేశంలో ఉన్నారు. ఎండలకు శవం ఆగదు. ఉపదేశికి ఫోన్ చేసింది బాబాయే, పేరు చివర "గారు" తగిలించి మరీ. ఆయన అదే రోడ్డున, అదే టీ బంకు ముందు నుంచి వచ్చాడు. ఎవరూ ఆపలేదు. సమాధుల తోటలో ఆయన ప్రార్థన చెబుతుంటే బాబాయి గొడుగు పట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు నా పక్కన నడుస్తూ, "ప్రార్థన చానా బాగా చెప్పాడమ్మా" అన్నాడు.

"అమ్మకి వినపళ్లేదు బాబాయ్" అన్నాను.

ఆ ఆదివారం మా వీధి ఆడవాళ్లం ఆటో మాట్లాడుకుని పక్కూరి గుడికి పోయాం. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు ఫాదర్ గారి వరస వదిలేసి అందరం ఉపదేశి వరసలోనే నిలబడ్డాం. నాలుక మీద పెట్టగానే ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్లు మండింది. ఇంత పలచటి అప్పం ముక్కని మా ఇంటి దాకా రానివ్వలేదు.